నమ్మడం, నమ్ముకోవడం: క్రైస్తవ జీవితంలో విశ్వాసానికీ ప్రేమకూ ఉన్న బంధం

తెలుగులో 'నమ్మడం' అనే మాటకూ 'నమ్ముకోవడం' అనే మాటకూ నడుమ ఉన్న తేడా పైకి చిన్నదిగా కనిపించినా, క్రైస్తవ జీవితంలో విశ్వాసమూ ప్రేమా ఒకదానికొకటి ఏమవుతాయో తేల్చుకోవడానికి ఆ తేడా నుంచి మొదలుపెట్టడమే మేలు. ఈ ఏడు వానలు బాగా పడతాయని వాతావరణ శాఖ చెప్పిన మాటను నమ్మడానికి ఎవరూ ఏదీ పణంగా పెట్టనక్కరలేదు. కానీ సిద్దిపేట జిల్లా నారాయణరావుపేట మండలంలో రెండెకరాల చెలక ఉన్న రైతు ఆ వానను నమ్ముకొని పత్తి గింజ పెట్టినప్పుడు, అతని పెట్టుబడి, ఇంటిల్లిపాది తిండి, పిల్లల చదువు అన్నీ ఆ గింజతోపాటే మట్టిలోకి పోతాయి. మొదటిది బుద్ధి ఒప్పుకున్న విషయం, రెండోది బతుకు ఆనుకున్న విషయం. క్రైస్తవ గ్రంథాలు విశ్వాసమని పిలిచేది ఈ రెండోదాన్ని.

ఈ సంగతిని అగస్టీన్ చాలా కాలం కిందటే మూడు మెట్లుగా విడదీశాడు. నాలుగో శతాబ్దం చివర, ఐదో శతాబ్దం మొదట్లో ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగరానికి బిషప్పుగా ఉన్న ఈ వేదాంతి, దేవుడు ఉన్నాడని నమ్మడం ఒకటి, దేవుడు చెప్పిన మాట నిజమని నమ్మడం మరొకటి, దేవుణ్ణి ఆనుకొని ఆయన వైపు నడవడం ఇంకొకటి అని లాటిన్‌లో చెప్పడానికి చాలా శ్రమపడవలసి వచ్చింది గాని, తెలుగు పల్లెలో ఏ ముసలమ్మ అయినా 'దేవుణ్ణి నమ్ముకున్న' అన్న ఒక్క మాటలో ఆ మూడో మెట్టును చెప్పేస్తుంది. మొదటి మెట్టు దయ్యాలకు కూడా ఉందని యాకోబు పత్రిక రెండో అధ్యాయం హెచ్చరిస్తుంది. దేవుడు ఒక్కడేనని వాటికీ తెలుసు, తెలిసి వణుకుతాయి, అయినా వాటి బతుకు మారదు.

'విశ్వాసం' అనే మాటలోనూ ఇలాంటి లోతే ఉంది. ఎవరినైనా నమ్మడం ఈ మాటకు ఒక అర్థమైతే, ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయకపోవడం, అంటే నమ్మకంగా నిలబడడం, దీనికి రెండో అర్థం. తెలుగువాళ్లు కుక్కకు విశ్వాసం ఉందన్నప్పుడు అది ఏదో సిద్ధాంతాన్ని ఒప్పుకుందని ఎవరూ అనుకోరు. కొత్త నిబంధన మూలభాష అయిన గ్రీకులో 'పిస్తిస్' అనే పదానికి సరిగ్గా ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. పాత నిబంధన మూలభాష అయిన హీబ్రూలో విశ్వాసానికి వాడే 'ఎమూనా' అనే పదం నిలకడను, కదలకుండా ఉండడాన్ని సూచిస్తుంది. ఆ పదం నిర్గమకాండం పదిహేడో అధ్యాయంలో వచ్చిన చోటు ప్రత్యేకంగా గమనించదగ్గది: అమాలేకీయులతో యుద్ధం జరుగుతుండగా కొండ మీద చేతులెత్తి నిలిచిన మోషే చేతులు బరువెక్కి వాలిపోతుంటే, అహరోను ఒకపక్క, హూరు మరోపక్క నిలబడి వాటిని ఎత్తి పట్టుకున్నారు, అలా సూర్యాస్తమయం దాకా ఆ చేతులు నిలకడగా ఉన్నాయని చెప్పడానికి మూలంలో వాడిన పదం ఇదే. ఒక మనిషి విశ్వాసం నిలబడిందంటే, దాని వెనక మరి ఇద్దరి భుజాలు ఉన్నాయన్నమాట. విశ్వాసం ఒంటరి మనసులో జరిగే వ్యవహారమని తలచేవారు ఈ ఒక్క వచనం దగ్గర కాసేపు ఆగడం అవసరం.

ప్రేమ అనే మాటకు కూడా వివరణ కావాలి, ఎందుకంటే సినిమాలూ పాటలూ దాన్ని ఒక భావోద్వేగంగానే అలవాటు చేశాయి. కొత్త నిబంధన ఎక్కువగా వాడే 'అగాపే' అనే గ్రీకు పదం ఎదుటివారి అర్హతను బట్టి పుట్టే ఇష్టాన్ని గాక, ఎదుటివారి మేలు కోరి తనను తాను ఇచ్చుకోవడాన్ని చెబుతుంది. మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో యేసు దీనికి చూపిన ఉదాహరణ రైతులకు వెంటనే తలకెక్కుతుంది: దేవుడు మంచివాడి పొలం, చెడ్డవాడి పొలం అని చూడకుండా వాన కురిపిస్తాడు. నారాయణరావుపేట మీద పడే వాన కూడా గుడికి పోయేవారి చెలకకూ, మసీదుకు పోయేవారి చెలకకూ, చర్చికి పోయేవారి చెలకకూ ఒకే లెక్కన పడుతుంది. విశ్వాసి ప్రేమకు కొలబద్ద ఆ వానే.

ఇప్పుడు ఈ రెండు మాటలనూ దగ్గరగా పెట్టి చూస్తే ఈ అధ్యాయం చెప్పదలచిన విషయం తేలుతుంది. దేవుణ్ణి నమ్ముకోవడం విశ్వాసమైతే, ఇతరులు తనను నమ్ముకోదగ్గ మనిషిగా మారడమే ప్రేమ. మొదటిది నిజంగా జరిగిన చోట రెండోది జరగక మానదు, రెండోది కనిపించని చోట మొదటిది ఇంకా నమ్మడం దగ్గరే ఆగిపోయిందని అర్థం. లూకా సువార్త పదో అధ్యాయంలోని మంచి సమరయుని ఉపమానంలో సాధారణంగా జాలినే చూస్తారు గాని, ఆ కథ చివర ఒక చిన్న బేరం ఉంది: గాయపడినవాణ్ణి సత్రానికి చేర్చిన సమరయుడు పూటకూళ్లవాడికి రెండు దేనారాలు, అంటే రెండు రోజుల కూలి, ఇచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని మాట ఇచ్చాడు. ఎన్నడూ ఎరగని, యూదులు అంటుకోని జాతికి చెందిన మనిషి మాట మీద గాయపడినవాడి ప్రాణం ఆధారపడింది. జాలి ఆ మనిషిని గాడిద దిగేలా చేసింది. మాట నిలుపుకోగల నమ్మకస్థుడై ఉండడం ఆ జాలిని ప్రేమగా పూర్తిచేసింది.

పౌలు గలతీయులకు రాసిన పత్రిక ఐదో అధ్యాయం ఆరో వచనంలో విశ్వాసం ప్రేమ ద్వారా పనిచేస్తుందని చెప్పినప్పుడు వాడిన క్రియాపదం, నేడు అందరూ వాడే 'ఎనర్జీ' అనే మాటకు మూలమైన ధాతువు నుంచే వచ్చింది. అంటే ప్రేమ విశ్వాసానికి పక్కన పెట్టిన రెండో సుగుణం కాదు, విశ్వాసంలోని శక్తి బయటికి వచ్చే దారి. ఇదే పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక పదమూడో అధ్యాయంలో, కొండలను కదిలించేంత విశ్వాసం ఉన్నా ప్రేమ లేకపోతే ఆ మనిషి వట్టివాడేనని తేల్చాడు. తెలుగు క్రైస్తవుల పెళ్లి శుభలేఖల మీద తరచూ కనిపించే ఆ అధ్యాయం పెళ్లి కోసం రాసినది కాదు. ఆత్మవరాల విషయంలో ఒకరి మీద ఒకరు గొప్పలు పోతున్న సంఘానికి, ప్రభువు భోజనానికి ముందుగా వచ్చిన కలిగినవారు తినేసి లేనివారిని ఆకలితో ఉంచిన సంఘానికి, రాసిన మందలింపు అది.

విశ్వాసం ముందా, ప్రేమ ముందా అన్న తగవు పాశ్చాత్య సంఘాల్లో శతాబ్దాలు నడిచింది. 13వ శతాబ్దపు థామస్ అక్వినాస్ ప్రేమే విశ్వాసానికి రూపాన్ని, ప్రాణాన్ని ఇస్తుందని బోధించగా, 16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్, మనిషి విశ్వాసం ద్వారానే దేవుని ఎదుట నీతిమంతుడుగా తీర్చబడతాడని, అంటే తన మంచి పనుల లెక్క చూపి కాక దేవుని కృపను ఆనుకొనే దేవుని ఎదుట నిలబడగలడని పట్టుబట్టాడు. అయితే ఆ లూథరే 1520లో క్రైస్తవుని స్వేచ్ఛ గురించి రాసిన గ్రంథంలో, విశ్వాసం వల్ల ఎవరికీ బానిస కాని మనిషి ప్రేమ వల్ల అందరికీ సేవకుడవుతాడని వాదించాడు. ఆగ్స్‌బర్గ్ నగరంలో 1999 అక్టోబరు 31న లూథరన్, కథోలిక సంఘాలు నీతిమంతులుగా తీర్చబడడం గురించిన ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి; 2006లో ప్రపంచ మెథడిస్టు సంఘాల మండలి కూడా అందులో చేరింది. పండితుల తగవు అలా చాలావరకు చల్లారింది గాని, ఇంటింటి తగవు ఇంకా మిగిలే ఉంది.

ఒంగోలు కాలువ గట్టు మీద

ప్రేమకూ విశ్వాసానికీ బంధం ఉందని చెప్పిన వెంటనే ఒక ప్రమాదం కూడా వస్తుంది: ప్రేమను విశ్వాసానికి ఎరగా వాడడం. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టి, ఆ అన్నానికి బదులుగా అతని నమ్మకాన్ని అడిగితే అది ప్రేమా కాదు, అతను ఇచ్చేది విశ్వాసమూ కాదు, కేవలం బేరం. ఈ ప్రమాదాన్ని తెలుగు నేల మీద ఎదుర్కొన్న ఒక సందర్భాన్ని వివరంగా చూడడం అవసరం.

ధాత నామ సంవత్సరంలో వచ్చినందువల్ల ధాత కరువని జనం పిలుచుకున్న 1876-78 నాటి మహాక్షామంలో నెల్లూరు, ఒంగోలు, కడప, కర్నూలు ప్రాంతాలు దారుణంగా దెబ్బతిన్నాయి. 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, సర్వే పని తెలిసినవాడు కావడం వల్ల, కరువు పనిగా ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల మేర గుత్తకు తీసుకొని, ఆ పరగణాల్లోని మాదిగ కుటుంబాలకు ముఖ్యంగా పని చూపించాడు. ఆ ప్రాంతపు మాదిగల్లో సువార్తను మొదట మోసినవాడు తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య. అతని వంటి తెలుగు బోధకులే కాలువ గట్టు మీద కూలీల బాగోగులు చూశారు. గట్టు మీద మట్టి మోసే మనుషులకు కూలి సక్రమంగా అందింది, విశ్రాంతి వేళ ఇష్టమున్నవారు యేసు కథ విన్నారు.

అయితే బాప్తిస్మం కావాలని ఎందరు వచ్చి అడిగినా క్లౌ ఇవ్వలేదు. కరువు సాయం పంచుతున్నంత కాలం, దాదాపు 15 నెలలు, ఒక్కరినీ సంఘంలో చేర్చుకోకుండా ఆపాడు. తిండి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట వారి మీద పడకూడదన్నది, తిండి కోసమే వచ్చేవారికి చోటు ఉండకూడదన్నది దానికి కారణాలు. సాయం నిధులు అయిపోయి, ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదని తెలిసిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ సంఘటనను కొందరు విజయగాథగా, మరికొందరు కరువు ఫలితంగా చెబుతారు. కాలువ పనికీ ఆ జనప్రవాహానికీ సంబంధమే లేదనడం నిజాయితీ అనిపించుకోదు. సంబంధం తప్పకుండా ఉంది. కానీ అది ఎలాంటి సంబంధమో ఆ 15 నెలలు చెబుతాయి. ఊరి చివర వాడలో తరతరాలుగా ఎవరి మాట మీదా ఆధారపడే భాగ్యం లేని కుటుంబాలు, తమ ఆకలిని అడ్డం పెట్టుకొని తమ నుంచి ఏమీ లాక్కోని మనుషులను చూశాయి. చెప్పిన కూలి చెప్పినట్టు ఇచ్చినవారి మాటను, వారు నమ్ముకున్న దేవుణ్ణి, ఆ తరువాత నమ్ముకున్నాయి. ప్రేమ బేరమాడకుండా ఉన్నందువల్లనే అది విశ్వాసానికి దారి వేయగలిగింది. నేడు కూడా దుస్తులు పంచినా, వైద్య శిబిరం పెట్టినా, అనాథ పిల్లలకు చదువు చెప్పించినా, పుచ్చుకున్నవారు ఆదివారం ఆరాధనకు వచ్చారా లేదా అని లెక్క చూసుకునే సంఘం క్లౌ ఆగిన చోట ఆగడం నేర్చుకోవాలి.

మెదక్ రాళ్లు

2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడే దాకా నారాయణరావుపేట ప్రాంతం మెదక్ జిల్లాలో ఉండేది. ఈ ప్రాంతానికి క్రైస్తవ్యాన్ని తెచ్చినవారు ఎక్కువగా వెస్లియన్ మెథడిస్టులు, అంటే 18వ శతాబ్దపు ఇంగ్లండులో జాన్ వెస్లీ మొదలుపెట్టిన ఉద్యమానికి చెందినవారు. విశ్వాసం ప్రేమకు పరిచారిక మాత్రమేనని, ప్రేమే గమ్యమని బోధించిన ఆ వెస్లీ ముద్ర మెదక్ మీద బాగా కనిపిస్తుంది. 1895లో భారతదేశానికి వచ్చి, సికింద్రాబాదులో సైనికుల మధ్య పనిచేసి, తరువాత మెదక్ చేరిన చార్లెస్ వాకర్ పోస్నెట్, కరువు రోజుల్లో చుట్టుపక్కల గ్రామాల ప్రజలకు పని, పనితోపాటు తిండి దొరికేలా 1914లో చర్చి నిర్మాణం మొదలుపెట్టించాడు. పదేళ్ల పని తరువాత, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ కట్టడం 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు, 175 అడుగుల గోపురంతో నేటికీ నిలిచి ఉంది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ ప్రాంతపు సంఘాలు అందులో మెదక్ డయాసిస్‌గా, అంటే ఒక బిషప్పు పరిధిగా, చేరాయి. గోపురం ఎత్తు చూసి ఆశ్చర్యపోయేవారు చాలామంది ఉంటారు. ఆ రాళ్లను మోసిన చేతులకు ఆ పూట అన్నం దొరకడమే ఆ కట్టడంలో అన్నిటికన్నా ఎత్తయిన విషయం.

డిచ్‌పల్లిది మరో రకం ఉదాహరణ. వెస్లియన్ మిషన్‌కే చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్, నిజామాబాదు దగ్గర కుష్ఠురోగుల కోసం ఆసుపత్రి స్థాపించినప్పుడు, దానికి పెద్ద విరాళం ఇచ్చినవాడు నిజామాబాదుకు చెందిన హిందూ దాత నర్సాగౌడు. విశ్వాసం నుంచి పుట్టిన ప్రేమ, ఆ విశ్వాసం లేనివారిని కూడా తన పనిలో చేయి వేయమని పిలవగలదని, వారు వేసిన చేయిని కృతజ్ఞతతో పట్టుకోవాలని ఈ సంగతి చూపుతుంది.

వెస్లీ ఉద్యమంలోని ఒక అలవాటు నేటి పాఠకులకు నేరుగా పనికివస్తుంది. 1742లో బ్రిస్టల్ నగరంలో ఆరాధన మందిరం అప్పు తీర్చడానికి సభ్యులను పన్నెండేసి మంది చొప్పున విడదీసి, ఒక్కొక్కరి నుంచి వారానికి ఒక పెన్నీ వసూలు చేసే బాధ్యతను ఒక పెద్దకు అప్పగించారు. ఇల్లిల్లూ తిరిగిన ఆ పెద్దలకు పెన్నీకన్నా ముందు ఇళ్లలోని జబ్బులు, తాగుడు, తగాదాలు, పస్తులు కనిపించాయి; అలా అప్పు వసూలుకు పుట్టిన ఏర్పాటు ఒకరి విశ్వాసాన్ని మరొకరు నిలబెట్టే తరగతి కూటంగా మారింది. తెలంగాణ పల్లెల్లో మహిళా పొదుపు సంఘాలు నడిపిన స్త్రీలకు ఇది కొత్త విషయం కాదు, పొదుపు డబ్బు కట్టని సభ్యురాలి ఇంట్లో ఏదో కష్టం వచ్చి ఉంటుందని వారే అందరికన్నా ముందు పసిగడతారు. ఆదివారం ఆరాధనలో ఎవరు రాలేదో గమనించి, సోమవారం ఆ ఇంటికి వెళ్లి పలకరించే ఒక మనిషిని ప్రతి పది కుటుంబాలకూ ఏర్పాటు చేసుకోవడం ఏ చిన్న సంఘానికైనా సాధ్యమే, దానికి భవనం గాని, మైకు గాని అక్కరలేదు.

ఇంట్లో, వాడలో

విశ్వాసమూ ప్రేమా విడిపోయే చోట్లలో మొదటిది జబ్బు మంచం. స్వస్థత కోసం ప్రార్థించడం క్రైస్తవ విశ్వాసంలో భాగమే. యాకోబు పత్రిక ఐదో అధ్యాయం సంఘ పెద్దలు రోగి కోసం ప్రార్థించాలని చెబుతుంది. కానీ ప్రార్థించిన తరువాత జ్వరం తగ్గకపోతే ఆ రోగితో 'నీకు విశ్వాసం చాలలేదు' అనడం అత్యంత క్రూరమైన మాట, అది రోగంతోపాటు నేరాన్ని కూడా ఆ రోగి మీద మోపుతుంది. అంతకన్నా ప్రమాదకరమైనది, విశ్వాసం పేరుతో మధుమేహానికీ, క్షయకూ, మూర్ఛకూ వేసుకునే మందులు మాన్పించడం. పౌలు తన తోటి ప్రయాణికుడైన లూకాను ప్రియమైన వైద్యుడని పిలిచాడు, తిమోతికి కడుపు జబ్బుకు ఏం పుచ్చుకోవాలో చెప్పాడు. అతని విశ్వాసాన్ని ఎవరూ తక్కువ అనలేరు. రోగిని బండి ఎక్కించి సిద్దిపేట పెద్దాసుపత్రికి తీసుకుపోవడం, అక్కడ వరుసలో నిలబడి చీటీ రాయించడం, రాత్రి మంచం పక్కన కూర్చోవడం, ఇవన్నీ ప్రార్థనకు కొనసాగింపులే తప్ప దానికి పోటీ కావు. ప్రార్థించినవారే ఆటో కిరాయి కూడా సర్దితే, రోగి తన బలహీనమైన చేతులను ఎవరో పట్టుకున్నారని గ్రహిస్తాడు.

రెండో చోటు డబ్బు. ఇంత కానుక ఇస్తే ఇంత దీవెన తిరిగి వస్తుందనే బోధ విశ్వాసాన్ని వడ్డీ వ్యాపారంగా మార్చి, అప్పుల్లో ఉన్న కుటుంబాన్ని ఇంకా లోతుకు తోస్తుంది. దీనికి బదులుగా డోర్నకల్ ప్రాంతపు తెలుగు స్త్రీలు పాటించిన పిడికెడు బియ్యం పద్ధతిని తలుచుకోవాలి: ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేసి, వారాంతాన సంఘానికి తేవడం. ఆ పిడికెడు వల్ల ఇల్లు పస్తుండదు, దీవెనను కొన్నట్టూ కాదు, అయినా పొయ్యి వెలిగించిన ప్రతిసారీ ఇంకొక ఇంటి పొయ్యి గుర్తుకు వస్తుంది. గ్యాస్ పొయ్యి మీద కుక్కరు పెట్టే ఇళ్లలో కూడా దీన్ని మళ్లీ మొదలుపెట్టవచ్చు.

మూడో చోటు భోజన పంక్తి, ఇక్కడ మెత్తగా మాట్లాడడం తగదు. 1912 డిసెంబరు 29న డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య, అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో చేసిన ప్రసంగం ఇందుకు ఆధారం. పాశ్చాత్య మిషనరీలు తమ ఆస్తులు ఇచ్చారని, ప్రాణాలు కూడా ధారపోశారని ఒప్పుకుంటూ, కొరింథు పత్రికలోని ఆ పదమూడో అధ్యాయపు మాటలనే వారి ముందు పెట్టి, వారు ఇంకా ఇవ్వవలసినది స్నేహమని అడిగాడు. భారతీయ క్రైస్తవుణ్ణి ఇంటికి పిలిచి తమ పక్కన కూర్చోబెట్టుకోని విశ్వాసం ఎంత త్యాగం చేసినా అసంపూర్ణమని ఆయన అన్నది తెల్లవారిని. నూరేళ్లు దాటిన తరువాత ఆ ప్రశ్న తెలుగు సంఘాల వైపే తిరిగి నిలబడింది. ఒకే రొట్టె విరిచి తిన్న మాల కుటుంబం, మాదిగ కుటుంబం, రెడ్డి కుటుంబం పిల్లల పెళ్లి మాట వచ్చేసరికి మూడు దారుల్లో పోతే, సంఘ ఎన్నికల్లో కులాన్ని బట్టి చీలితే, సమాధుల తోటలో కూడా వేరు వరుసలు కోరితే, ఆ సంఘం నమ్ముతున్నదే తప్ప నమ్ముకోలేదు.

నాలుగోది బంధువుల ఇల్లు. పి.వై. ల్యూక్, జాన్ కార్మన్ మెదక్ డయాసిస్‌లోని వడియారం పాస్టరేటు (ఒక పాస్టరు పరిధి) గ్రామాల్లో చేసిన అధ్యయనం 1968లో పుస్తకంగా వచ్చింది. పల్లె క్రైస్తవుల రోజువారీ జీవితం చుట్టుపక్కల హిందూ సంస్కృతితో ఎంతగా పెనవేసుకొని ఉందో అది నిశితంగా చూపింది. నేటికీ ఒకే తల్లి బిడ్డల్లో ఒకరు చర్చికి, మరొకరు బోనానికి వెళ్లే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆరాధన విషయంలో మనస్సాక్షికి కట్టుబడడం విశ్వాసం కోరేదే. కానీ అన్న ఇంట్లో చావు జరిగితే పాడె మోయడానికి, చెల్లెలి బిడ్డ పెళ్లికి పందిరి వేయడానికి, వదిన కాన్పుకు తోడుండడానికి ఏ వచనమూ అడ్డు చెప్పదు. బంధువుల దేవుళ్లను తూలనాడి తన విశ్వాసాన్ని నిరూపించుకోవాలనుకునేవారు, తమ విశ్వాసం ఎంత బలహీనమైనదో చెప్పుకుంటున్నట్టే.

ఇంతవరకూ ప్రేమ లేని విశ్వాసం గురించి చెప్పుకున్నా, దీనికి రెండో వైపు కూడా ఉంది. పక్షవాతంతో మంచాన పడిన అత్తకు ఏళ్ల తరబడి సేవ చేసే కోడలు, కొడుకు దుబాయిలో ఉంటే మనవలను సాకే తాత, తాగుబోతు భర్తను భరించే స్త్రీ, వీరి ప్రేమ ఎప్పుడో ఒకప్పుడు ఎండిపోతుంది; అది వారి తప్పు కాదు. రాజుల మొదటి గ్రంథం పంతొమ్మిదో అధ్యాయంలో ప్రవక్త ఏలీయా ఇక చాలు, చచ్చిపోతానని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవుడు అతనికి ఉపదేశం చేయలేదు, నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ నిద్రపోనిచ్చాడు. అలసినవారికి విశ్వాసం అంటే అన్నీ తామే మోయనక్కరలేదని తెలియడం, తమ చేతులను ఇంకొకరు పట్టుకోవడానికి ఒప్పుకోవడం. అత్తకు సేవ చేసే ఆ కోడలు వారానికి ఒక పూట నిద్రపోయేలా సంఘంలోని మరో స్త్రీ వచ్చి కూర్చుంటే, ఆ ఇంట్లో హూరు పని జరిగినట్టే. ఇక కొట్టే భర్త దగ్గర ఓపిక పట్టమని సలహా ఇవ్వడం ప్రేమా కాదు, విశ్వాసమూ కాదు. ఆమెను భద్రమైన చోటికి చేర్చడమే సంఘం చేయవలసిన మొదటి పని.

ఈ అధ్యాయంలోని విషయాన్ని ఆచరణలో పెట్టదలచినవారు పెద్ద తీర్మానాలతో మొదలుపెట్టనక్కరలేదు. బలిపీఠం దగ్గర కానుక అర్పించబోతూ, సహోదరుడికి తన మీద ఏదో మనస్తాపం ఉందని గుర్తుకొస్తే, కానుకను అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమని యేసు కొండమీది ప్రసంగంలో చెప్పాడు. చాలా తెలుగు సంఘాల్లో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. వచ్చే నెల బల్లకు ముందు శనివారం సాయంత్రంలోగా, తీర్చవలసిన చేబదులు ఉంటే తీర్చి రండి. తీర్చే స్థితి లేకపోతే, ఫోను చేసి ఊరుకోకుండా ఆ ఇంటి గడప దాకా వెళ్లి, ఎప్పటికి తీర్చగలరో ఉన్నదున్నట్టు చెప్పి రండి.